వంతెన మీద దిగిపోయిన ప్రాణం

పొద్దున్నే పాకూ పొయ్యి దగ్గర నిలబడి ఉంటే అత్తగారు బ్లియా చప్పుడు చేయకుండా వెనకనుంచి వచ్చేది. జ్వరం ఉందేమోనని పిల్లల నుదురు ముట్టుకుని చూసినట్టు, కోడలి చెవులు రెండూ వేళ్ళతో పట్టుకుని చూసేది. చూసి పెదవి విరిచేది.

"ఇంకా రాలా," అనేది.

రానిది పాకూ ప్రాణం. లావోస్ కొండల నుంచి అమెరికా వచ్చిన ఈ మోంగ్ ఇళ్ళల్లో మనిషికి ఒకటే ప్రాణం అనుకోరు, కొన్ని ఉంటాయి. మనిషి గట్టిగా జడుసుకుంటే వాటిలో ఒకటి జారి ఆ జడుసుకున్న చోటే పడిపోతుంది. మనిషి లేచి ఇంటికి వస్తుంది. వండుతుంది, తింటుంది, ఎవరైనా నవ్విస్తే నవ్వుతుంది కూడా. ఆ ఒక్క ప్రాణం మాత్రం దారి తెలియక అక్కడే కూర్చుని ఉంటుంది. చెవులు చల్లబడటం దానికి గుర్తు. పాకూ చెవులు పోయిన ఎండాకాలం నుంచీ కుండలో నీళ్ళలా చల్లగానే ఉన్నాయి.

ఎక్కడ జారిందో ఇంట్లో అందరికీ తెలుసు. మిసిసిపీ నది మీద, వాళ్ళ ఊరికీ సెయింట్ పాల్ పట్నానికీ మధ్య ఉన్న పొడుగాటి వంతెన మీద.

అదొక శనివారం తెల్లవారుజాము. ట్రక్కు వెనకాల కొత్తిమీర, ఉల్లికాడలు, సోయకూర, కాకరకాయలు తడిబట్ట కింద నిండుగా ఉన్నాయి. ఇద్దరూ పట్నం సంతకు వెళ్తున్నారు. మొగుడు వామెంగ్ నడుపుతున్నాడు. పక్కన పాకూ ఉల్లికాడలకు రబ్బరు బ్యాండ్లు వేస్తోంది. వంతెన ఎక్కాక అతను, "ఇవాళ కాకరకాయలు ముందు వరసలో పెట్టు. ఆ ఎర్రజుట్టావిడ పోయినసారి పచ్చిది కొరికి..." అంటూ ఆగాడు. ఆ తర్వాత ఎర్రజుట్టావిడ ఏమందో పాకూకు ఈనాటికీ తెలియదు. చూసేసరికి అతని తల కిటికీ అద్దానికి ఆని ఉంది. ఆ తల ఆనిన తీరులోనే తెలిసిపోయింది.

పాకూ అంతవరకు స్టీరింగు ముట్టుకుని ఎరగదు. అతని మీదుగా వంగి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ట్రక్కు పక్కకు లాగి, పాకూ కూర్చున్న వైపు తలుపు వంతెన కటకటాల్ని రాసుకుంటూ పోయింది. ఆ చప్పుడుకు పళ్ళు జివ్వుమన్నాయి. నిప్పురవ్వలు ఎగిరాయి. నీళ్ళ వైపు చూడకూడదని అనుకుంటూనే చూసింది. ఎక్కడో కింద, నల్లగా, తీరిగ్గా కదులుతున్నాయి. అతని కాలు అప్పటికే జారిపోయి ఉండటంతో ట్రక్కు మెల్లగా, చాలా మెల్లగా ఆగింది.

తర్వాత ఎర్ర లైట్లు వచ్చాయి. అతన్ని దింపారు. పాకూ చేతులు మాత్రం స్టీరింగును వదల్లేదు. పొడుగాటి మనుషులిద్దరు మెత్తగా ఏదో చెబుతూ ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పారు. వాళ్ళు ఏం చెప్పారో అర్థం కాలేదు. చివరి వేలు విడినప్పుడు ఒంట్లోంచి ఏదో జారినట్టయింది. అది మాత్రం అర్థమయింది.

* * *

అంత్యక్రియలయ్యాక బ్లియా ఇంటి గుమ్మంలో నిలబడి కోడలి ప్రాణాన్ని పిలిచింది. బియ్యం గిన్నెలో గుడ్డు నిలబెట్టి, అగరొత్తులు వెలిగించి, గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. ఆ తర్వాత చీల్చిన గేదెకొమ్ము బద్దలు రెండూ నేల మీద విసిరింది. వచ్చిందో రాలేదో ఆ బద్దలు పడే తీరును బట్టి తెలుస్తుంది. రాలేదన్నాయి. మళ్ళీ విసిరినా అదే మాట.

"వంతెన దగ్గరికెళ్ళి పిలవాలి," అని పెద్దవాళ్ళు ఎవరో అన్నారు.

బ్లియా వినపడనట్టు కొమ్ముబద్దల్ని గుడ్డలో చుట్టేసింది. ఆ వంతెన మీదే ఆమె కొడుకు పోయాడు. పాకూ ఒత్తిడి చేయలేదు. ఇద్దరికీ అదే భయం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఒకరితో ఒకరు ఆ మాట ఎత్తకుండా చలికాలం గడిపారు.

కానీ సంత ఆగదు గదా.

శరణార్థుల శిబిరంలో పెళ్ళి చేసుకుని, చేతిలో ఒక సంచితో అమెరికా వచ్చిన మొగుడూపెళ్ళాలు వాళ్ళు. వామెంగ్ కోళ్ళ ఫ్యాక్టరీలో కత్తి పట్టాడు. పాకూ ఆఫీసులు మూసేశాక వెళ్ళి ఆ నేలలు తుడిచింది. మొదట ఎవరిదో పెరట్లో ఒక మడి. ఆ తర్వాత నది అవతల ఒక ముసలి రైతు దగ్గర కౌలుకు చెక్క భూమి. ఆ భూమి అంచునే ఈ చిన్న ఇల్లు. పట్నం సంతలో కప్పు కింద స్టాలు దొరకాలంటే జనం ఏళ్ళ తరబడి కాసుకుని కూర్చుంటారు. వీళ్ళూ కూర్చున్నారు. ఎండకూ వానకూ బయట గట్టు మీద అమ్ముకుంటూనే కూర్చున్నారు. చివరికి మూల స్టాలు దొరికిన రోజున వామెంగ్ ఆ బల్లను తడిగుడ్డతో తుడిచి, దాని మీదెక్కి కూర్చుని, "ఇక మనల్ని ఇక్కణ్ణుంచి లేపేవాడు లేడు," అన్నాడు.

లేపే నియమం ఒకటుంది. మే నెల మొదటి శనివారం సంత గంట కొట్టేసరికి స్టాలు ఖాళీగా ఉంటే అది వెనక కాసుకున్న వాళ్ళకు పోతుంది.

పోయిన ఏడాది మిగతా సీజనంతా మరిది చూఫెంగ్ తన బండిలో వచ్చి పాకూనూ కూరల్నీ తీసుకెళ్ళాడు. ఈ ఏడు అతను తన పొలాన్ని పట్నానికి అవతలి వైపుకి మార్చుకున్నాడు. మార్చిలో వచ్చి, టీ తాగి, కప్పులోకి చూస్తూ మాట మొదలుపెట్టాడు.

"వదినా, నేను ఇటు వచ్చి మళ్ళీ అటు పోవాలంటే నా కొత్తిమీర వాడిపోద్ది. ఆ స్టాలు నా పేరున మార్పించుకుంటా. నీ కూరలు కూడా నేనే అమ్మిపెడతా. నువ్వు హాయిగా ఇంట్లో..."

"ఇంట్లో ఏం చెయ్యమంటావు? అత్తయ్యతో చెవులు పట్టించుకుంటా కూచోమంటావా?"

"నేను నీ మంచికే చెప్తున్నా."

"మే నెల దాకా ఆగు మరిదీ," అంది పాకూ. "నేను బండి తోలుకుంటా వస్తా."

చూఫెంగ్ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

* * *

కూతురు కాయింగ్ నర్సు చదువు చదువుతోంది. శని, ఆదివారాలు ముసలివాళ్ళ ఆశ్రమంలో డ్యూటీ. అందుకే అమ్మను సంతకు తీసుకెళ్ళడానికి కుదరదు, కానీ మిగతా రోజుల్లో నేర్పడానికి కుదురుతుంది. మంచు పడుతుండగానే మొదలుపెట్టింది. పాకూ లెర్నింగ్ లైసెన్సు కోసం ప్రశ్నలన్నీ టేపులో మోంగ్ భాషలో వింటూ, కత్తిపీట ముందు కూర్చుని, జపం చేసినట్టు పైకి చెప్పుకునేది. అది పాసయింది. అసలు కష్టం ఆ తర్వాతే.

చక్రం ముందు కూర్చోగానే నోరెండిపోయేది. పొలం డొంకలో మొదటి రోజున ఇంటి యజమాని పోస్టు డబ్బాను గుద్దేసింది. ఆ ముసలి రైతు డబ్బాను మళ్ళీ పాతి, దానికి ఎర్రరంగు వేసి, "ఇప్పుడన్నా కనబడుతుందేమో అడుగు," అని కాయింగ్‌తో అన్నాడు. మర్నాడు కూడా గుద్దింది.

బ్లియా గుమ్మంలో కుర్చీ వేసుకుని అంతా చూస్తూ ఉండేది.

"బర్రెనైతే తోకబట్టి తోలతాం. దీనికి తోకేదే?"

"బామ్మా, నువ్వు లోపలికెళ్ళు," అనేది కాయింగ్.

"నేను లోపలికెళ్తే మీ అమ్మని ఎవరు తిడతారు? మీ నాన్న లేడుగా."



ఏప్రిల్ వచ్చేసరికి పాకూ డొంకలో నడపగలిగింది. చర్చి ముందున్న ఖాళీ జాగాలో వెనక్కి తిప్పగలిగింది. ఊళ్ళో రోడ్ల మీద, చెమటలు కారుతున్నా, నడపగలిగింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళేది. బండి పక్కకు తీసి దిగిపోయేది. కాయింగ్ ఎక్కి వంతెన దాటించేది. పాకూ పక్క సీట్లో, గీతలు పడ్డ తలుపుకు ఆనుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేది. పరీక్షకు వెళ్ళింది. కూడలిలో లైటు పచ్చబడినా కదల్లేదు. పక్కనున్న ఆఫీసరు, "ఇక పోవచ్చమ్మా," అన్నాడు. ఆయన అలా అనడంతో ఇంకా బిగుసుకుపోయింది. తప్పింది.

ఆ సాయంత్రం బ్లియా కోడలి చెవులు పట్టుకుంది. ఈసారి వదలకుండా అలాగే నిలబడింది.

"ఆ నీళ్ళ మీదికెళ్ళి పిల్చుకురావాల్సిందే," అంది చివరికి. "నేనే వస్తా."

"నువ్వు వెళ్ళగలవా అత్తయ్యా?"

"వెళ్ళలేను. అయినా వస్తా."

* * *

ఆ వంతెన మీద నడిచే దారి లేదు, బండి ఆపడానికి వీల్లేదు. అందుకని మొదటిసారి కాయింగ్ నడిపింది. వెనక సీట్లో బ్లియా, ఆమె ఒళ్ళో పాకూ ఆ రోజు తొడుక్కున్న చొక్కా, బియ్యంలో గుడ్డు, కాళ్ళ దగ్గర అట్టపెట్టెలో ప్రాణం పిలుపుకు కావలసిన కోడి. అద్దం దించి బ్లియా పిలిచింది. ఇంటికి వచ్చాక బద్దలు విసిరింది. రాలేదన్నాయి.

ముసలామె చాలాసేపు ఆ బద్దల వంక చూస్తూ కూర్చుంది. తర్వాత కోడలిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఆ పొద్దు నీ చేతులు ఎక్కడున్నయి?"

"స్టీరింగు మీద."

"వాళ్ళు వచ్చి ఏం చేశారు?"

"వేళ్ళు విప్పారు."

"అదీ సంగతి. ప్రాణం చేతుల్లోంచి జారింది. అది ఇప్పుడు చేతుల కోసం చూస్తా ఉంది. నీ పిల్ల తోలుకుంటా పోతే అది ఎవరి బండో అనుకుని ఊరుకుంది. నువ్వు స్టీరింగు పట్టుకుని ఆ చోటికి పోవాలి. అప్పుడే ఎక్కుద్ది." ఆగి, వేలు చూపిస్తూ అంది. "ఎక్కినాక ఇంటిదాకా ఎక్కడా ఆగకూడదు. ఆగావో, దిగిపోద్ది. మళ్ళీ ఎక్కదు."

ఆ రాత్రి పాకూ పడుకున్నా కటకటాలు తలుపును గీకుతున్న చప్పుడే. మేలుకుని చూస్తే పక్క మంచం మీద అత్తగారు కూడా కళ్ళు తెరుచుకునే ఉంది.

మర్నాడు పొద్దున బయల్దేరారు. పాకూ చక్రం ముందు, పక్కన కాయింగ్, వెనక బ్లియా, కోడి. వంతెన ఎక్కే చోట కాలు బ్రేకు మీదికి వెళ్ళబోయింది. "అమ్మా, గ్యాస్, గ్యాస్," అని ఆక్సిలరేటరు తొక్కమంటూ కాయింగ్ మెల్లగా, పసిపిల్లను నడిపించినట్టు అంది. బండి వంతెన ఎక్కింది.

కుడి పక్క కటకటాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. వాటి మధ్యనుంచి నీళ్ళు కనబడుతున్నాయి. పాకూ చూపు తిప్పలేదు. బండి ఎంత మెల్లగా పోతోందంటే, వెనకనుంచి ఒక కారు హారన్ కొట్టుకుంటూ దాటి పోయింది, ఆ తర్వాత ఇంకొకటి. వెనక సీట్లో అగరొత్తులు వెలిగాయి. అద్దం దిగింది. చల్లగాలి లోపలికి కొట్టింది.

"రా అమ్మా, రా," అని బ్లియా మొదలుపెట్టింది. ఆ గొంతు పొద్దస్తమానం దెప్పే గొంతు కాదు. "ఈ నీళ్ళ మీద కూచోమాకు. ఈ ఇనుము చల్లగా ఉంటది. ఇక్కడ నీవాళ్ళెవరూ లేరు. ఇంటికాడ పొయ్యి వెలుగుతా ఉంది, అన్నం ఉంది, నీ పిల్ల ఉంది, నేనున్నా. నీ చేతులు ఇక్కడే ఉన్నయి, చూడు. ఎక్కు. ఎక్కు తల్లీ."

తర్వాత ఆ గొంతు ఇంకో పేరు కూడా పిలిచింది, చాలా చిన్నగా. కొడుకు పేరు. వాణ్ణి రమ్మనలేదు. "నువ్వు పో నాయనా, నీ దారిన నువ్వు పో," అంది.

పాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగి రోడ్డు మసకబడింది. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే ఏమవుతుందోనని తీయలేదు. సరిగ్గా ఆ చోటే. కటకటాల మీద ఇంకా రంగు లేచిపోయిన చార కనబడింది. ఒళ్ళు జలదరించింది. వేళ్ళ చివర్ల నుంచి మోచేతుల దాకా వెచ్చగా ఏదో పాకింది. వచ్చిందా? లేక భయమేనా? ఆ రెండింటికీ తేడా ఆమెకు తెలియలేదు.

అప్పుడు వెనక అద్దంలో ఎర్రగా, నీలంగా మెరిసింది.

"పోలీసు," అంది కాయింగ్. "అమ్మా, పక్కకు తీసి ఆపు."

"ఆపమాకు!" అని వెనకనుంచి బ్లియా కేక పెట్టింది. "ఇప్పుడే ఎక్కింది! ఆపితే దిగిపోద్ది!"

"బామ్మా, వాడు పోలీసు!"

"పోలీసయితే? వాడికి ప్రాణం లేదా? ఇంటికి రమ్మను, అక్కడ మాట్లాడుకుందాం!"

పాకూకు పైప్రాణాలు పైనే పోయాయి. శిబిరంలో కంచె దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడేవాళ్ళు గుర్తొచ్చారు. యూనిఫారం చూస్తే ఇప్పటికీ ఆమె చూపు నేలలోకే పోతుంది. ఆగకపోతే లైసెన్సు ఇక జన్మలో రాదు. లైసెన్సు లేకపోతే స్టాలు లేదు. ఆగితే ఇన్నాళ్ళకు ఎక్కిన ప్రాణం మళ్ళీ ఈ నీళ్ళ మీదే దిగిపోతుంది. ప్రాణం లేకుండా బండి నడపడం ఎలా? బండి అలాగే నత్తలా పోతూ ఉంది. వెనక సైరను ఒక్కసారి కూసింది. మైకులోంచి ఒక మగగొంతు గట్టిగా అరిచింది. అట్టపెట్టెలో కోడి బెదిరి రెక్కలు కొట్టుకుంది.

"అమ్మా!" అంది కాయింగ్. "ఆపకపోతే నా చదువుక్కూడా ముప్పొస్తుందే!"

వంతెన అయిపోయింది. పాకూ అద్దంలోకి చూసింది. ఇండికేటరు వేసింది. రోడ్డు వారగా గులకరాళ్ళ మీదికి మెల్లగా తీసి ఆపింది.

వెనక సీట్లో బ్లియా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "అయిపోయింది," అంది. "దిగిపోయింది. పోయింది."

* * *

పోలీసు కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు. చాలా పొడుగు మనిషి. టోపీ అంచు తలుపుకు తగిలింది. ముందు పొగ, ఆ తర్వాత కోడి, ఆ తర్వాత బియ్యంలో నిలబడ్డ గుడ్డు అతని కంట పడ్డాయి.

"ఏమంటన్నాడే ఆ తాడిచెట్టు?" అంది బ్లియా చేతుల మధ్య నుంచే.

"ఏం కాలుతోందని అడుగుతున్నాడు."

"నా కొంప అని చెప్పు."

కాయింగ్ ఆ మాట చెప్పలేదు. అతను పాకూ వైపు తిరిగి ఏదో అన్నాడు. పాకూ బిక్కచచ్చిపోయింది.

"చేతులు స్టీరింగు మీదే ఉంచమంటున్నాడు అమ్మా. తియ్యొద్దంట."

"తియ్యమన్నా రావే," అంది పాకూ. నిజంగానే రావడం లేదు. ఆ రోజులాగే పిడికిళ్ళు బిగిసిపోయాయి.

కాయింగ్ అందించిన లెర్నింగ్ లైసెన్సు చూస్తూ, వెంటనే ఎందుకు ఆపలేదని అతను అడిగాడు. ఇంత మెల్లగా ఎందుకు పోతున్నారని, తాగారా అని, ఆ కోడి ఎందుకని కూడా అడిగాడు. కాయింగ్ మొదట ఏదో అబద్ధం చెప్పబోయింది. మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేసింది. పోయిన ఎండాకాలంలో ఇదే బండిలో, ఇదే వంతెన మీద నాన్న పోయాడని, అమ్మ పక్కనుంచి స్టీరింగు పట్టుకుందని, అప్పటినుంచి అమ్మకు భయమని. ప్రాణం సంగతి చెప్పేటప్పుడు సిగ్గుతో గొంతు తగ్గించింది. ఆపితే దిగిపోతుందని బామ్మ అందని కూడా చెప్పింది.

అతను బండి చుట్టూ నడిచి అవతలి పక్కకు వెళ్ళాడు. గీతలు పడ్డ తలుపు ముందు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో. చివరికి కాయింగ్ వైపు కిటికీ దగ్గరికి వచ్చి లెర్నింగ్ లైసెన్సు తిరిగి ఇచ్చాడు.

"ఇంత మెల్లగా పోతే వెనకనుంచి లారీ గుద్దేస్తుందంట," అని కాయింగ్ చెబుతోంది. "పోలీసు ఆపమంటే వెంటనే ఆపాలంట, ఇంకోసారి ఊరుకోడంట. మనల్ని ఇల్లెక్కడ అని అడిగాడు. వంతెన అవతల అన్నాను. బండి తిప్పుకుని మనల్ని ముందు పొమ్మన్నాడు. వెనకాలే లైట్లు వేసుకుని వస్తాడంట, ఎవరూ మనల్ని గుద్దకుండా."

"వెనకాలే వస్తాడా?" అంది పాకూ. దానికి ఇంకా ఎక్కువ భయమేసింది.

అలాగే వచ్చారు. ముందు ముగ్గురాడవాళ్ళు, ఒక కోడి. వెనక ఎర్రనీలి లైట్లు. వంతెన మీద పాకూ ఈసారి కాస్త వేగంగానే పోయింది. నది భయం కన్నా వెనకున్న పోలీసు భయం ఎక్కువైంది మరి. ఎర్ర పోస్టు డబ్బా దాటి డొంకలోకి తిరగగానే ఆ లైట్లు ఆరిపోయాయి. అద్దంలో చూస్తే కారు వెనక్కి తిరిగి వెళ్ళిపోతోంది.

గుమ్మంలో బ్లియా కొమ్ముబద్దలు తీయలేదు. "దేనికి? దార్లో ఆగాం గదా," అంది.

"వెయ్యి అత్తయ్యా."

"వేసినా అదే చెప్పుద్ది."

"వెయ్యి."

విసుగ్గా విసిరింది. బద్దలు దొర్లి ఆగాయి. ముసలామె వంగి చూసింది. మళ్ళీ తీసి విసిరింది. ఈసారి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. రెండుసార్లూ వాళ్ళకు కావలసిన తీరులోనే పడ్డాయి.

"వచ్చిందే!" అంది నమ్మలేనట్టు. "ఆగాం గదా. ఎట్టా వచ్చింది?"

పాకూ తన చేతుల వంక చూసుకుంది. "ఆ పోలీసు నా చేతులు తియ్యనివ్వలేదుగా," అంది.

బ్లియాకు నవ్వు వచ్చింది. ఎన్ని నెలల తర్వాతో వచ్చిన నవ్వేమో, ఆగలేదు. వచ్చిన ప్రాణం మళ్ళీ జారిపోకుండా పాకూ మణికట్టుకు తెల్లదారం కడుతూ కూడా నవ్వుతూనే ఉంది.

"ఆ తాడిచెట్టుకి కూడా ఒక దారం కట్టాల్సింది," అంది. ఆ వెంటనే కోడలి చెవులు పట్టుకుంది. పెదవి విరవలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

* * *

భయం పోయిందంటే అబద్ధం. మళ్ళీ పరీక్షకు వెళ్ళినప్పుడు కూడా కూడలిలో కాలు బ్రేకు మీదే బిగుసుకుంది. కానీ పచ్చలైటు పడగానే బండి కదిలింది. ఆఫీసరు కాగితం మీద సంతకం పెడుతూ, "ఇంత నిదానంగా నడిపితే పట్నం చేరేసరికి మీ కూరగాయలు పండుతాయి," అన్నాడు. కాయింగ్ అది చెబితే పాకూ నవ్వలేదు. లైసెన్సు మీద ఉన్న తన ఫొటో చూసుకుంటోంది. భయపడుతున్న మనిషి ఫొటో. అయినా తనదే.

మే నెల మొదటి శనివారం. కాయింగ్ డ్యూటీకి వెళ్ళింది. ట్రక్కు వెనకాల మిరప నారు, ఉల్లికాడలు, ముల్లంగి, అట్టపెట్టెల్లో తులసి మొక్కలు. బ్లియా గుమ్మంలో నిలబడింది. "నేనూ రానా?" అని అడిగింది. పాకూ ఒక్క క్షణం రమ్మందామనుకుంది. ఆ తర్వాత వద్దంది. ఎవరో ఒకరు పక్కనుంటేనే దాటగలనని అనిపించడం మొదలైతే ఇక అది పోదు.

వంతెన మీద ఆమె ఏ పాటా పాడుకోలేదు, దేవుణ్ణీ తల్చుకోలేదు. "గ్యాస్, గ్యాస్," అని కూతురి గొంతుతో తనకు తానే చెప్పుకుంది. రంగు లేచిన చార దగ్గర ఊపిరి బిగబట్టింది. ఎదురుగా ఒక పెద్ద లారీ ఊగుతూ వచ్చి పక్కనుంచి పోయింది. ఆ గాలికి ట్రక్కు కదిలింది. పాకూ అరిచింది. వినడానికి పక్కన ఎవరూ లేరు గనుక గట్టిగానే అరిచింది. అరుస్తూనే వంతెన దిగింది.

సంతలో చూఫెంగ్ అప్పటికే మూల స్టాలు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక తన బండిలో కొత్తిమీర సిద్ధంగా ఉంది. గంట ఇంకా కొట్టలేదు. గీతలు పడ్డ తలుపున్న ట్రక్కు వరసలోకి రావడం చూసి కట్టుకున్న చేతులు దించేశాడు. పాకూ వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి, పక్క స్టాలువాడి గొడుగును ఒక్కసారి తాకి, చివరికి బండిని స్టాలుకు ఆనించింది. ఇంజను ఆగింది.

ఆమె దిగలేదు.

చూఫెంగ్ పరుగున వచ్చాడు. "వదినా! ఏమైంది? ఒంట్లో బాలేదా?"

పాకూ ముందుకే చూస్తోంది. చేతులు రెండూ స్టీరింగు మీద బిగిసి ఉన్నాయి. మణికట్టు మీద తెల్లదారం చెమటకు తడిసి ఉంది.

"చేతులు రావట్లా," అంది.

అతను తలుపు తీశాడు. లోపలికి వంగి ఆమె వేళ్ళను పట్టుకోబోయాడు.

"ముట్టుకోబాకు!"

ఆ కేకకు అతను ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. పక్క స్టాళ్ళ వాళ్ళు తల తిప్పి చూశారు.

"నేనే విప్పుకుంటా," అంది పాకూ, కాస్త మెల్లగా. "నువ్వు ఊరకే నిలబడకు మరిదీ. వెనక మిరప నారు ఉంది, దింపు. ఎండ తగలకుండా లోపలి బల్ల మీద పెట్టు. ముల్లంగి ముందు వరసలో."

అతను వెనక్కి వెళ్ళి తడిబట్ట తీశాడు. పాకూ కుడిచేతి చిటికెన వేలితో మొదలుపెట్టింది. అది వచ్చింది. ఆ తర్వాతది కాసేపు మొండికేసింది. ఆమె తొందరపడలేదు. సంత గంట మోగేసరికి ఇంకా బొటనవేలు ఒకటి మిగిలే ఉంది. మొదటి బేరానికి వచ్చిన ఎవరో పెద్దావిడ కిటికీలోంచి తొంగిచూసి, మిరప నారు కారంగా ఉంటుందా అని అడిగింది.

"చాలా కారం," అంది పాకూ, తనకొచ్చిన ఇంగ్లీషులో. ఆ చివరి వేలు కూడా విప్పుకుని బండి దిగింది.